పెయింట్ కింద అమానత్



ఆటోనగర్ పని మీద బతికే మన ఇళ్ల పిల్లలు కలిసినప్పుడల్లా అడిగే సవాల్ ఒకటే. "భాయ్‌జాన్, ఫైబర్ బాడీ పగిలితే ఏ గమ్ వాడాలి?" వాళ్లకు కావలసింది ఒక డబ్బా పేరు. నేను పేరు చెప్పను. ముందు మూడు సంగతులు అడుగుతాను. ఆ ముక్క అసలు దేంతో తయారైంది? పగిలిన చోట బరువు పడుతుందా, వేడి తగులుతుందా? పని అయిపోయాక ఆ అతుకును ఎవరు చూస్తారు? మొదటి రెండూ హునర్‌కు సంబంధించినవి. మూడోది ఈమాన్‌కు సంబంధించినది. మన ఖాందాన్‌లలో టింకరింగ్, పెయింటింగ్, ఫైబర్ పనుల్లో ఉన్నవాళ్లు చాలామంది. కొడుకును ఇలాంటి దుకాణంలో షాగిర్ద్‌గా పెట్టాలనుకునే అమ్మీ అబ్బాలకు కూడా ఈ పని లోగుట్టు కొంచెం తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

మా అబ్బా విజయవాడ ఆటోనగర్‌లో ఫైబర్ కారీగర్. బస్సుల ముందు భాగాలు, జీపుల మీద బిగించే టాపులు, లారీ క్యాబిన్ మీద గాలిని మళ్లించే డోములు చేసేవారు. అప్పుడప్పుడు ఫైబర్ బాడీ కార్లు కూడా వచ్చేవి. నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఇప్పుడు దుకాణం మా ఆపా కొడుకు చూసుకుంటున్నాడు.

ఫైబర్ బాడీ కారు అంటే కొందరు నవ్వుతారు, ప్లాస్టిక్ డబ్బా అని. కానీ 1953లో అమెరికాలో వచ్చిన షెవ్రోలే కార్వెట్ కారు బాడీ మొత్తం ఫైబర్‌గ్లాసే. మన దేశంలో 1980లలో బెంగళూరు సిపానీ కంపెనీ తీసిన డాల్ఫిన్ కారు కూడా అంతే. అది బ్రిటన్‌కు చెందిన రిలయంట్ కిట్టెన్ అనే కారు నమూనా. రేకు లేదు కాబట్టి బాడీకి తుప్పు రాదు. అయితే దెబ్బ తగిలితే రేకు సొట్ట పడుతుంది, ఫైబర్ పగులుతుంది. సొట్టను కొట్టి లేపొచ్చు. పగులును కొట్టి లేపలేం.

ఫైబర్‌గ్లాస్‌లో రెండు వస్తువులుంటాయి. ఒకటి సన్నని గాజు పోగులు, రెండోది వాటిని పట్టి ఉంచే రెజిన్. తాఖత్ అంతా పోగులది. ముక్క పగిలిందంటే ఆ పోగులు తెగాయని అర్థం. గీతలో గమ్ నింపితే గీత కనపడకుండా పోతుంది, తెగిన పోగులు మాత్రం తెగినట్టే ఉంటాయి. బండి నాలుగు గుంతలు దాటగానే అదే గీత మళ్లీ పైకి తేలుతుంది. అందుకే పగిలిన ఫైబర్‌కు ఒక్క గమ్ ఎప్పుడూ చాలదు. గమ్‌తో పాటు కొత్త గాజు గుడ్డ కూడా పడాలి.

ఇక మొదటి సంగతి, ముక్కను గుర్తుపట్టడం. ఈ రోజుల్లో కార్ల బంపర్లు చాలావరకు ఫైబర్ కావు, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. వెనక వైపు తిప్పి చూస్తే పీపీ అని అచ్చు ఉంటుంది. అచ్చు లేకపోతే ఒక మూల పేపర్ కొట్టి చూడండి. ఫైబర్ అయితే పొడి పొడిగా దుమ్ము రాలుతుంది. ప్లాస్టిక్ అయితే వేడికి మెత్తబడి ఈకలు ఈకలుగా లేస్తుంది. ఆ ప్లాస్టిక్ మీద ఫైబర్ రెజిన్ పోస్తే పొరలా ఊడి వస్తుంది.

ఫైబర్‌లోనూ రెండు జాతులున్నాయి. చేత్తో అచ్చులో పరిచి చేసినది ఒకటి. దానికి ముందు వైపు నున్నగా, వెనక వైపు గరుకుగా పోగులు కనపడుతూ ఉంటుంది. రెండోది కార్ఖానాలో వేడి మీద ప్రెస్‌లో నొక్కి తీసినది, ఎస్.ఎం.సి. అంటారు. అది రెండు వైపులా నున్నగా ఉంటుంది. అచ్చుకు అంటుకోకుండా ఉండటానికి దాని మసాలాలోనే జారుడు పదార్థం కలుపుతారు. అదే గుణం మన రెజిన్‌ను కూడా సరిగా పట్టనివ్వదు. చేత్తో చేసిన ముక్కకు పాలిస్టర్ రెజిన్ నడుస్తుంది. ఎస్.ఎం.సి.కి ఎపాక్సీ గానీ, దానికోసమే చేసిన రెండు భాగాల యురేథేన్ గమ్ గానీ కావాలి.

ఒక్కో గమ్ మిజాజ్ ఒక్కోలా ఉంటుంది. పాలిస్టర్ రెజిన్ చవక, త్వరగా గట్టిపడుతుంది, గాజు మ్యాట్‌ను బాగా తడుపుతుంది. పెద్ద ముక్కలు కొత్తగా చేయడానికి అదే సరి. కానీ ఎప్పుడో ఆరిపోయిన పాత ఫైబర్‌ను అది అంత గట్టిగా పట్టుకోదు. ఎపాక్సీ ఖరీదు ఎక్కువ, ఆరడానికి సబర్ కావాలి, కానీ పాతదాన్ని పట్టుకోవడంలో దానిదే పైచేయి. దానితో మామూలు మ్యాట్ కాకుండా నేసిన గాజు గుడ్డ వాడాలి. మ్యాట్ పోగులను కలిపి ఉంచే జిగురు సాధారణంగా పాలిస్టర్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. రెండు భాగాల మెథక్రిలేట్ గమ్ రకరకాల వస్తువులను పట్టుకుంటుంది, జల్దీ గట్టిపడుతుంది. వాసన ఘాటు, ధర కూడా ఘాటే. యురేథేన్ గమ్ కొంచెం సాగుతుంది కాబట్టి అదిరే చోట ముక్కకూ ముక్కకూ మధ్య బాగుంటుంది. సూపర్ గ్లూ పగిలిన అంచులను కాసేపు కదలకుండా ఆపడానికి తప్ప దేనికీ పనికిరాదు, అదిరితే విరిగిపోతుంది. ఎం-సీల్ లాంటి ముద్ద చిన్న రంధ్రాలు మూయడానికి మంచిదే, బరువు మోయదు. సిలికాన్‌ను మాత్రం పెయింట్ పడే చోటికి రానివ్వకండి. అది తగిలిన చోట రంగు చేప కళ్లలా గుంటలు పడుతుంది.

రెండో సంగతి, బరువూ వేడీ. మన ఎండల్లో నల్ల బానెట్‌ను చేత్తో ముట్టుకోలేం. కింద ఇంజిన్ వేడి సరేసరి. మామూలు వేడిలో ఆరే ఎపాక్సీ బాగా వేడెక్కితే కొంత మెత్తబడుతుంది. అందుకే ఇంజిన్ దగ్గరి ముక్కలకు డబ్బా మీద ఎంత వేడి ఓర్చుకుంటుందో చదివి కొనాలి. అద్దం పక్క అలంకారం ముక్కకూ, తలుపు బరువు మోసే కీలు దగ్గరి ముక్కకూ ఒకే లెక్క పనికిరాదు.

ఏ గమ్ కొన్నా అసలు మెహనత్ దానికి ముందే ఉంది. వజూ సరిగా లేకపోతే నమాజ్ కాదు కదా, రాపిడి సరిగా లేకపోతే అతుకూ అంతే అనేవారు అబ్బా. ముందు అసిటోన్‌తో తుడవాలి. తుడవకుండా గ్రైండర్ పెడితే పైనున్న మైనం, నూనె లోపలికి పోతాయి. పగులు కొసల్లో చిన్న రంధ్రం వేస్తే అది ఇంకా పాకదు. తర్వాత రెండు అంచులనూ వాలుగా అరగదీయాలి. బరువు మోసే చోట మందానికి 12 రెట్ల వెడల్పు వాలు ఉండాలి. అంటే 3 మిల్లీమీటర్ల ముక్కకు ఒక్కో వైపు 36 మిల్లీమీటర్లు. ఎవరికైనా మొదట భయమేస్తుంది, చిన్న గీతకు ఇంత మంచి భాగాన్ని అరగదీయాలా అని. కొత్త గుడ్డ పాతదాన్ని పట్టుకునేది ఆ వెడల్పులోనే. శుభ్రమైందో లేదో తెలియాలంటే కొన్ని నీళ్లు చల్లండి. నీళ్లు పల్చగా పరుచుకుంటే శుభ్రం, చుక్కలు చుక్కలుగా ముడుచుకుంటే ఇంకా జిడ్డు ఉన్నట్టు. తర్వాత పూర్తిగా ఆరబెట్టి పని మొదలుపెట్టాలి.

కలపడంలో అందాజా పనికిరాదు. పాలిస్టర్‌లో హార్డనర్ సాధారణంగా రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం. చలికి కొంచెం పెంచి, ఎండకు కొంచెం తగ్గించే వీలు అందులో ఉంది. ఎపాక్సీలో ఆ వీలు లేదు. హార్డనర్ ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందని మన కుర్రాళ్లు అనుకుంటారు. నిష్పత్తి తప్పితే అది ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. డబ్బా మీద రాసింది బరువు లెక్కా, పరిమాణం లెక్కా అని కూడా చూసుకోవాలి. హజ్రత్ దావూద్ అలైహిస్సలామ్‌కు అల్లాహ్ ఇనుమును మెత్తగా చేసి ఇచ్చి, కవచం కడియాలను కొలత ప్రకారం అల్లమని హుకుం ఇచ్చిన సంగతి ఖుర్ఆన్‌లో సూరా సబాలో ఉంది. ప్రవక్తకే కొలత తప్పలేదంటే తూకం మిషన్ కొనడానికి మనకు బద్ధకం ఎందుకు?

ఇంకో మాట ప్రాణానికి సంబంధించినది. పాలిస్టర్ పనిలో కోబాల్ట్, హార్డనర్ అని రెండు సీసాలుంటాయి. ఆ రెంటినీ నేరుగా ఎప్పుడూ కలపకూడదు, మంట లేచి పేలవచ్చు. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలిపి, తర్వాత హార్డనర్ వేయాలి. గాజు దుమ్ముకు మాస్క్, కళ్లద్దాలు, గాలి ఆడే చోటు తప్పనిసరి. చేతులకు గ్లౌజులు కూడా. రెజిన్ చర్మం మీద ఆరిపోతే దాని కిందికి నీళ్లు పోవు. జుహర్ వేళ వజూ దగ్గర కూర్చుని బ్లేడుతో గీక్కునే కుర్రాళ్లను చూశాను. గ్లౌజులుంటే చర్మమూ బాగుంటుంది, వజూకూ దిగులుండదు.

ఇప్పుడు మూడో సంగతి. ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. పని అయ్యాక పుట్టీ, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు పడతాయి. లోపల గుడ్డ వేశామో, ఒట్టి పుట్టీ రుద్దామో కస్టమర్‌కు తెలిసే దారి లేదు. డాక్టర్ పని, దర్జీ పని ఎంతో కొంత బయటపడతాయి. మాది పెయింట్ కింద పడుకుంటుంది.

రెండేళ్ల కిందట రంజాన్ ఆఖరీ అష్రాలో ఒకాయన డాల్ఫిన్ కారు తెచ్చారు. ముందు మడ్‌గార్డ్ మీద హెడ్‌లైట్ పక్క నుంచి చక్రం అంచు దాకా పగులు. ఈద్ తర్వాత పాత కార్ల షౌఖ్ ఉన్న ఒకరు కొనడానికి వస్తున్నారట. "రెండు రోజుల్లో పుట్టీ పెట్టి రంగు వేసేయండి. నిలవాల్సింది అమ్మేదాకానే" అన్నారు. డబ్బు బాగానే ఇస్తానన్నారు. దుకాణంలో ఇద్దరు కుర్రాళ్లకు జీతాలు, ఈదీ ఇవ్వాల్సిన రోజులు అవి. మా భాంజా ఒప్పుకునేలా ఉన్నాడు. నేను పక్కకు పిలిచాను.

"మామూ, కారు ఆయనది. అమ్మేదీ ఆయనే. చెప్పిన పని చేసి మజ్దూరీ తీసుకుంటాం. కొన్నవాడికి జవాబు చెప్పాల్సింది ఆయన కదా, మనమా?" అన్నాడు.

వాడి మాట తీసిపారేసేది కాదు. ఆయన ఆ కారును తనకోసం ఉంచుకుని, డబ్బుల్లేక పుట్టీ పెట్టమంటే నేనే పెట్టించేవాణ్ని. యజమానికి తెలిసి చేసే తాత్కాలిక పనిలో ధోకా లేదు. ఇక్కడ ఆయన కొంటున్నది మరమ్మతు కాదు బేటా, ఐబ్ మీద కప్పే ముసుగు, ఆ ముసుగు మన చేత్తో నేసిందే అవుతుంది అన్నాను. సహీహ్ ముస్లింలో ఉన్న వాఖియా వాడికి గుర్తుచేశాను. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. వాన తడి అని అమ్మేవాడు చెప్పాడు. ఆ తడిని జనం చూసేలా పైనే ఉంచాల్సిందని, మోసం చేసేవాడు తనవాడు కాదని హుజూర్ హెచ్చరించారు. తడవడం అతని ఖుసూర్ కాదు, వాన పడింది. దాన్ని పొడి గింజల కింద దాచడమే ఖుసూర్.

ఆయనకు రెండు దారులు చెప్పాం. వెనక నుంచి గుడ్డ వేసి ఎపాక్సీతో పక్కాగా చేస్తాం, ఈద్ తర్వాత ఇస్తాం. లేదా పగులు ఉన్నట్టే ఉంచి, కొనేవారికి చూపించి, ధర తగ్గించి అమ్మండి. ఆయనకు కోపం వచ్చింది. నీతులు చెప్పే గ్యారేజీకి వచ్చానని తెలియదంటూ కారు తీసుకుని వెళ్లిపోయారు. ఇంకో దుకాణంలో చేయించుకునే ఉంటారు. ఆ ఈద్‌కు కుర్రాళ్లకు ఈదీ తక్కువే ఇచ్చాం. ఇఫ్తార్ దగ్గర భాంజా నాతో ఎక్కువ మాట్లాడలేదు. వాడు పూర్తిగా నా మాటకు వచ్చాడని ఇప్పటికీ అనుకోను.

కానీ ఆ తర్వాత నేను చెప్పకుండానే వాడు ఒక అలవాటు మొదలుపెట్టాడు. అతుకు వేసిన ముక్కకు వెనక వైపు రంగు వేయడం మానేశాడు. రెజిన్‌లో తడిసిన గాజు గుడ్డ అల్లిక అలాగే కనపడుతూ ఉంటుంది. కావాలంటే ఎవరైనా టార్చ్ వేసి చూసుకోవచ్చు. కొందరు కస్టమర్లు లోపల కూడా రంగు వేయమంటారు. వేస్తే దాగిపోతుంది భాయ్, రేపు మీరే చూసుకోవాలంటే కష్టం అంటాడు.

పిల్లల్ని పనికి పంపే అమ్మీ అబ్బాలకు నా గుజారిష్ ఇది. ఉస్తాద్ రోజుకు ఎంత ఇస్తాడో తప్పకుండా అడగండి. దాంతో పాటు దుకాణంలో తూకం మిషన్ ఉందా, మాస్కులున్నాయా, పగిలిన ముక్కను వెనక నుంచి కూడా బాగు చేస్తారా అని ఒకసారి చూసి రండి. చేతుల్లో హునర్, రోజీలో బర్కత్ అల్లాహ్ మన పిల్లలందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.