తోలు బిజినెస్

మా మామ నాయుడుపేటలో ఆర్కెస్ట్రాలో బొంగోలు వాయించేవాడు. ఇంజినీరింగ్‌లో ఫ్రెండ్స్ అడిగితే మాత్రం నేను 'బిజినెస్' అని చెప్పేవాణ్ణి.

చెన్నైలో ఉద్యోగంలో చేరాక ఒక వీకెండ్ సరదాగా సల్సా క్లాసుకి వెళ్ళా. కాళ్ళు నా మాట వినలేదు గానీ, చెవులు అక్కడే అతుక్కుపోయాయి. టీచరు రెండు కర్ర ముక్కలు పట్టుకుని టక్ టక్‌మని కొడుతోంది. క్లావే అంటారట. క్యూబా సల్సా, సోన్ పాటలన్నీ ఆ వరసని పట్టుకునే నడుస్తాయి. రూమ్‌కొచ్చి నోట్‌లో రాసుకున్నా. 16 గడుల్లో దెబ్బలు 5 మాత్రమే: 1, 4, 7, 11, 13. ముందు మూడు, తర్వాత రెండు. కోడ్ రాసేవాడి కంటికి అది ఒకట్లూ సున్నాలే. కానీ మూడు దెబ్బలు మనిషిని ముందుకి తోస్తే, రెండు దెబ్బలు పట్టుకుని నిలబెడతాయి. అది కోడ్‌లో కనపడదు.

వెతుకుతూ పోతే మామ అటక మీద ఉన్నవన్నీ ఆ పక్క నుంచి వచ్చినవే. బొంగోలు క్యూబావి. చిన్నదాన్ని స్పానిష్‌లో మగది అంటారు, పెద్దదాన్ని ఆడది అంటారు. మన ట్రూపుల్లో 'తుంబా' అనేది కాంగా, అక్కడి పేరు తుంబదోరా. గలగలలాడే మరకాస్, పుల్లతో గీకే గుయిరో... రెండూ ఎండిన బుర్రలే. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకెళ్ళినవాళ్ళ చేతుల్లోనే ఈ డోళ్ళు పుట్టాయి. పెరూలో అయితే సరుకుల పెట్టె మీద కూర్చుని దాన్నే వాయించారు. అదే ఇవాళ్టి కాహోన్. పాతకాలంలో బొంగో తోలు వదులైతే మంట దగ్గర వెచ్చజేసేవాళ్ళని చదివి నవ్వుకున్నా. మన జాతరలో డప్పు కాచేది ఎందుకు మరి!

మొన్న పోలేరమ్మ జాతరకి ఊరికెళ్తే, అత్త అటక దులుపుతోంది. గుమ్మం ముందు పాత సామాన్ల బండి. తుంబా అప్పటికే బండెక్కేసింది. బొంగోలు మెట్టు మీద ఉన్నాయి. రిథమ్ ప్యాడ్ వచ్చాక అన్నీ ఒక్కడే వాయించేస్తుంటే మామని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. మామ అరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు. బండివాడికి డబ్బులిచ్చి తుంబా దింపించా.

ఏం మాట్లాడాలో తెలీక ఫోన్‌లో క్లావే పెట్టా. రెండు రౌండ్లు విని, అరుగు మీద వేళ్ళతో అదే వరస వేశాడు. ఒక్క దెబ్బ తప్పలేదు.

"దీనికి పేరు కూడా ఉందా అబ్బయా? మేం చెవితో పట్టేవాళ్ళం." తర్వాత ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ చెప్పాడు: శ్రీకాళహస్తిలో చదువుకున్న బాలు గారు కూడా ట్రూపు నడిపినోడే, ఇళయరాజా అందులో వాయించినోడే అని.

"మామా, కాలేజీలో నేను నీ గురించి..."

"తెలుసులే. నీ ఫ్రెండొకడు ఇంటికొచ్చినప్పుడు 'ఏం బిజినెస్ అంకుల్' అన్నాడు. తోలు బిజినెస్ అన్నా."

అత్త లోపల్నించి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కాసేపటికి, నేర్పిస్తావా అని అడిగా. మామ నా చెయ్యి పట్టుకుని వెలుతుర్లోకి తిప్పి చూశాడు.

"ముందు పోయి గోళ్ళు తీసుకోపో."