వికారాబాద్ పేరు వెనక ఓ పెద్దింటి కథ

మా ఊరు మోమిన్‌పేట్. రైలెక్కాలన్నా, నాలుగు మంచి బట్టలు కొనాలన్నా మేం వికారాబాద్‌కే పోతాం. ఇరవై ఏళ్లుగా పోతున్నా ఆ ఊరికి ఆ పేరెలా వచ్చిందో ఎన్నడూ ఆలోచించలేదు. దసరా సెలవులకు వచ్చిన మా అమ్మాయి అడిగింది. తనే పుస్తకాలు తిరగేసి, "పద అమ్మా, చూసొద్దాం" అని హైదరాబాద్ రైలెక్కించింది.

దారిలో తను చెప్పిన కథ మీకూ చెబుతాను.

వికారాబాద్‌కు ఆ పేరు నవాబ్ వికార్-ఉల్-ఉమ్రా వల్ల వచ్చింది. ఆయనది పాయిగా వంశం. నిజాం కోసం సైన్యాన్ని పోషించిన ఇల్లది. ఆ ఖర్చుకే వాళ్లకు జాగీర్లు ఇచ్చారు. మూలపురుషుడు అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్, రెండో నిజాం కాలంవాడు. ఆయన కొడుకు ఫక్రుద్దీన్ ఖాన్‌కు నిజాం తన బిడ్డనే ఇచ్చి పెళ్లి చేశాడు. అలా రాజుగారికి వియ్యాలవారయ్యారు.

ఫక్రుద్దీన్ మనవల కాలానికి ఇల్లు మూడు శాఖలైంది. ఖుర్షీద్ జా, వికార్-ఉల్-ఉమ్రా సొంత అన్నదమ్ములు. ఆస్మాన్ జా వాళ్ల తండ్రి తోడబుట్టినవాడి కొడుకు. ఎవరి జాగీర్లు వాళ్లవి, ఎవరి మేడలు వాళ్లవి. హుస్సేనీ ఆలంలో ఖుర్షీద్ జా దేవిడీ, మలక్‌పేట దగ్గర గుట్ట మీద ఆస్మాన్‌గఢ్. 1887లో ఆస్మాన్ జా దివాన్ అయ్యాడు. ఆయన తర్వాత వికార్-ఉల్-ఉమ్రా 1901 దాకా ఆ పదవిలో ఉన్నాడు. 1884లో ఫలక్‌నుమాకు పునాది వేసింది కూడా ఈయనే. ఎంతో ముచ్చటపడి కట్టుకున్న ఆ మేడ చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి పోయింది. 2010 నుంచి అది పెద్ద హోటల్. 1949లో జాగీర్లు కూడా రద్దయ్యాయి.

వింటుంటే నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. మా ఆయన వాళ్లూ ముగ్గురన్నదమ్ములే. మామయ్య పోయాక పొలం పంచుకున్నారు. బావి దగ్గర మాటా మాటా పెరిగి, పెద్దబావగారి ఇంటికీ మా ఇంటికీ ఆరేళ్లుగా రాకపోకలు లేవు. నడుమ ఒక్క గోడే!

నాంపల్లిలో దిగి, ఆటోలో సంతోష్‌నగర్ పక్కన పిసల్‌బండకు పోయాం. అక్కడున్నాయి పాయిగా సమాధులు. బయట బండ్ల మోతలు, లోపల పిట్టల సద్దు. సున్నంతో చేసిన జాలీలు చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఆ పూలూ తీగలూ సంక్రాంతికి మనం ఓపిగ్గా వేసే ముగ్గుల్లా ఉన్నాయి. పాలరాతి సమాధుల మీద చెక్కిన లతలను మా అమ్మాయి వేలితో తాకకుండా గాలిలోనే దిద్దింది.

నన్ను ఆపింది మాత్రం ఆ పనితనం కాదు. ఖుర్షీద్ జా, ఆస్మాన్ జా, వికార్-ఉల్-ఉమ్రా ముగ్గురూ అక్కడే ఉన్నారు. వాళ్ల ఇంటి ఆడవాళ్లూ అక్కడే. బతికినన్నాళ్లు మూడు చోట్ల మూడు మేడలు, చివరికి అందరికీ ఒకటే ఆవరణ. తిరుగు రైల్లో నేను పెద్దగా మాట్లాడలేదు.

దసరా నాడు సాయంత్రం జమ్మి పట్టుకుని, మా ఆయన్ని వెంటబెట్టుకుని పెద్దబావగారి గడప తొక్కాను. కాళ్లు వణికాయంటే నమ్మండి. ఆయన ఏమీ అనలేదు. చెయ్యి చాపి జమ్మి మాత్రం తీసుకున్నారు. మా యారాలు లోపలికి పోయి పళ్లెంలో గారెలు తెచ్చి పెట్టింది. బావి సంగతి ఇంకా తేలలేదు. కానీ ఆ పళ్లెం ఖాళీగా తిరిగి పంపకూడదని నిన్న కందిపొడి కొట్టాను.

మీరు చార్మినార్‌కు పోయినప్పుడు ఓ గంట మిగుల్చుకుని పిసల్‌బండ కూడా చూసి రండి.