పెద్దపాము గడి

వైకుంఠపాళిని ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. ఒకే కాగితము మీద నేల నుండి పరమపదము వరకు లోకమంతయు గీసి, పుణ్యమునకు నిచ్చెనను, పాపమునకు పామును పెట్టినారు మన పెద్దలు. మా ఇంట దీనిని సాంప్-సీడీ అనెడివారు. మేము ఆడినది మాత్రము పక్కింటివారి పటము మీదనే, గవ్వలతో. సూఫీలకును ఇటువంటి పటము కలదు. 'షత్రంజుల్ ఆరిఫీన్', అనగా జ్ఞానుల చదరంగము, ఇబ్న్ అరబీ పేరిట ప్రచారములో ఉన్నది. అందులోను ఆత్మ మెట్టు మెట్టుగా ఎక్కును, పాము నోట పడి జారును.

ఫ్రెంచివారికి బాతు ఆట ఉన్నది. అందులో 63 గడులు. 58వ గడిలో మృత్యువు. అక్కడ పడినవాడు మొదటికి రావలెను. ఆ దేశముననే 1980లో మొదలైన 'జ్యూ ఎ స్త్రతేజీ' అను పత్రిక ఆటపటములను సంచికతోపాటే ముద్రించి ఇచ్చెడిది. అమెరికా రచయిత లవ్‌క్రాఫ్ట్ కథల నుండి 1981లో పుట్టిన ఆటయు ఫ్రెంచిలోనికి వచ్చినది. ఈ లవ్‌క్రాఫ్ట్ (1890–1937) చూపిన భయము వేరు. ఆయన కథలలో విశ్వము మనిషిని శిక్షింపదు. మనిషి ఉన్నాడనియే దానికి తెలియదు.

తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక కుర్రవాడు లేచి, "బాయి గూడ అంతే గద సార్" అన్నాడు. అతని తండ్రికి ఆ వారము రాత్రి షిఫ్టు.

గోదావరిఖనిలో ఈ మాటకు బరువున్నది. 2003 జూన్ 16న ఇచ్చటి 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు మరణించినారు. అప్పుడు మేము బడిపిల్లలము. మా వీధిలో కొందరు రాత అన్నారు, కొందరు పెద్దపాము మింగినదన్నారు. ఆ తరువాత చాలకాలము మా పిల్లలలో ఎవ్వరును ఆ పటము పరచలేదు. ఎవరును వద్దనలేదు, అయినను పరచలేదు.

అయితే ఆ కుర్రవానితో మేము ఏకీభవింపలేదు. వైకుంఠపాళిలో ప్రతి పామునకు ఒక పాపము పేరున్నది. ఆ పదిహేడుగురిలో ఎవరి పాపమని చెప్పుదుము? లవ్‌క్రాఫ్ట్ చీకటియు ఇక్కడ సరిపడదు. బాయిలోని నీటికి మనము తెలియకపోవచ్చును గాని, నీరు మనకు తెలియును. నీరు నిలిచియుండగల పాత పనులకు 60 మీటర్ల లోపునకు పోవలెనన్న వ్రాతపూర్వకమైన అనుమతి ఉండవలెననియు, ముందుగా రంధ్రములు వేసి చూడవలెననియు 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలలోనే ఉన్నది. గవ్వలు విసరి గడి దాటుట కాదది.

"నిబంధన పుస్తకంల ఉంటది సార్, బాపు బాయిల ఉంటడు" అన్నాడతడు. మాకు వెంటనే జవాబు తోచలేదు.

ఇప్పుడతడు ఈ సంచిక కొరకు ఒక పటము గీయుచున్నాడు. నిచ్చెనలకు పేర్లు పెట్టినాడు: పైకప్పు తట్టి చూచుట, గ్యాసు పరీక్ష, పాత పనుల పటము సరిచూచుట. చిన్న పాములకును పేర్లు కుదిరినవి. పెద్దపాము గడిలో మాత్రము మొదట "విధి" అని వ్రాసి కొట్టివేసినాడు. "నీరు" అని వ్రాసి దానిని కూడ కొట్టివేసినాడు. అచ్చునకు ఇచ్చుటకు ఇంకను వారము గడువున్నది.