ఉండేవారి చేతికి



పరదేశమునకు వెళ్లి పిల్లల మధ్య కొంతకాలము స్వచ్ఛందంగా సేవ చేసే అవకాశము ఈ రోజుల్లో మన పల్లె సంఘములలోని యౌవనస్థులకు కూడా దొరుకుతున్నది. ఛార్జీలు, టీకాలు, తీసుకువెళ్లవలసిన బట్టలు, వీటిని గూర్చి చెప్పేవారు చాలామంది ఉన్నారు. అక్కడ మన మనస్సు ఎలా లేస్తుందో, ఎలా పడుతుందో చెప్పేవారు కొద్దిమందే. మనము వెళ్లిపోయిన తరువాత ఆ పిల్లల మనస్సు ఏమవుతుందో చెప్పేవారు మరీ తక్కువ. ఈ రెండు సంగతులు నాకు కొంత తెలుసు గనుక వ్రాస్తున్నాను.

2015 ఏప్రిల్ 25న నేపాలు దేశములో గొప్ప భూకంపము వచ్చింది. తీవ్రత 7.8. ఆ దినము శనివారము. ఆ దేశములో వారపు సెలవు శనివారమే గనుక సంఘములు చాలావరకు ఆ రోజే ఆరాధనకు కూడుకుంటాయి. ఉదయం 11 గంటల 56 నిమిషాలకు భూమి కదిలినప్పుడు ఎందరో విశ్వాసులు ఆరాధనలో ఉన్నారు. అదే సెలవు వలన బడులు మూసి ఉండి వేలాదిమంది పిల్లలు బ్రదికారు. మే 12న మరల 7.3 తీవ్రతతో భూమి కంపించింది. రెండింటిలో కలిపి సుమారు 9,000 మంది చనిపోయారు.

మా సంఘముల నుండి నలుగురము జూన్ మొదటి వారములో బయలుదేరాము. విజయవాడలో రప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, గోరఖ్‌పూర్‌లో దిగి, బస్సులో సునౌలి చేరి సరిహద్దు దాటాము. మన దేశస్థులకు అక్కడ వీసా అక్కరలేదు, ఓటరు కార్డు చాలు. ధాదింగ్ జిల్లాలో, కొండమీద ఉన్న తమాంగుల పల్లె ఒకటి మా చోటు. రాళ్లు, మట్టితో కట్టిన ఇళ్లు దాదాపు అన్నీ కూలిపోయాయి. ప్రభుత్వము మే 31న బడులు తిరిగి తెరిపించింది గాని బడి అంటే వెదురు గుంజల మీద కట్టిన టార్పాలిన్ పందిరి. సుమారు నలభైమంది పిల్లలు. వారికి ఆటలు, పాటలు, లెక్కలు చెప్పుతూ టీచరుకు మూడు వారాలు తోడుగా ఉండుట మా పని.

మొదటి నాలుగు రోజులు నాకు ఆకలి, నిద్ర తెలియలేదు. నాకు నేపాలీ రాదు, వారికి తెలుగు రాదు. ఆదివారపు బడిలో మనము చేతులూపుతూ పాడించే పాటలు తెలుగులోనే పాడితే, వారు మాటకు మాట అప్పగించారు. నేపాలీలో కూడా మేనమామను మామ అనే అంటారు. నలభైమంది పిల్లలు “మామా, మామా” అని చుట్టూ మూగితే, నా జీవితములో ఇంత పనికివచ్చినవాడను ఎన్నడూ కాలేదనిపించింది. రాత్రి ఢిండో పెట్టేవారు. అది మన సంకటి వంటిదే. చల్లని గాలిలో ఆ వేడి ముద్ద తింటూ, ఇక ఇక్కడే ఉండిపోతే బాగుండునని నలుగురమూ అనుకునేవారము.

అయిదవ రోజున చిన్న కుదుపు వచ్చింది. పందిరి గుంజలు ఊగగానే పిల్లలు పొలములోనికి పరుగెత్తారు. ఒక చిన్నపిల్ల రెండు గంటలు గడిచినా లోపలికి రాలేదు. ఆ పిల్ల రాత్రి కూడా చెప్పులు తీయకుండానే పడుకుంటుందని అప్పుడు తెలిసింది. ఎప్పుడు పరుగెత్తవలసి వస్తుందో అని. నా పాటలు, నా ఆటలు ఆ పిల్ల కాళ్లకున్న చెప్పులు విప్పించలేకపోయాయి. వారము తిరగకముందే వానలు మొదలయ్యాయి. బట్టలు ఆరేవి కావు, కడుపులు చెడ్డాయి. మాలో చిన్నవాడైన తమ్ముడు ఒక రాత్రి దుప్పటి కప్పుకొని ఏడ్చాడు. “మనము చేసేది సముద్రములో ఉప్పు వేసినట్టుంది అన్నా” అన్నాడు. నాలుగు రోజుల క్రితము నేను కొండంత ఎత్తులో ఉన్నాను, ఇప్పుడు లోయలో ఉన్నాను. పిల్లలు నవ్వితే లేచుట, నవ్వకపోతే పడుట, ఇదే మా దినచర్య అయింది.

ఆ బడి టీచరమ్మను మేము దిదీ అని పిలిచేవారము, అంటే అక్కయ్య. ఆమె ఇల్లు కూడా కూలిపోయింది. అయినా ప్రతి ఉదయము పది గంటలకు హాజరు పిలిచేది. చెప్పుల పిల్ల పేరు కూడా పిలిచేది. ఆ పిల్ల బయట పొలములో నుండే పలికేది. దిదీ గుర్తు వేసుకొని తరువాతి పేరు పిలిచేది. బలవంతము లేదు, బుజ్జగింపు లేదు. పదునాలుగవ రోజున ఆ పిల్ల తనంతట తానే వచ్చి పందిరి అంచున కూర్చుంది. ఆ రోజు కూడా దిదీ ఏమీ అనలేదు, హాజరు పిలిచింది. తమ్ముని ఉప్పు మాటకు జవాబు నాకు అక్కడ దొరికింది. రేపు కూడా ఇదే మనిషి ఇదే వేళకు నా పేరు పిలుస్తుందనే ధైర్యమే భయపడిన బిడ్డకు మందు. దానిని ఇవ్వడానికి మూడు వారాలకు వచ్చినవారి చేతిలో రోజులు లేవు.

మా కూటమిలో పెద్ద పరీక్ష మరియొక విధముగా వచ్చింది. ఏడేళ్ల బాలుడొకడు మొదటి రోజు నుండి నా చెయ్యి వదలలేదు. తండ్రి ఖతారులో కూలిపని. కడప, కోనసీమ తల్లులు కువైట్ వెళ్లినట్లే అక్కడి తండ్రులు గల్ఫుకు, మలేషియాకు వెళ్తారు. తల్లి కాలు విరిగి రేకు కప్పిన పాకలో ఉంది. మా సహోదరుడొకరు, “అయ్యగారూ, వీడిని మనతో తీసుకువెళ్దాము. మన హాస్టలులో వేసి చదివిద్దాము” అన్నారు. తల్లిని అడిగితే ఆమె కన్నీళ్లతో తల ఊపింది. నాకును ఆ తలంపు తియ్యగానే ఉంది.

అక్కడి వృద్ధ పాస్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. ఆ దినాల్లో తల్లిదండ్రులుగాని, అధికారుల అనుమతిగాని లేకుండా పిల్లలను జిల్లా దాటించకూడదని ప్రభుత్వము ఆజ్ఞ ఇచ్చింది. క్రొత్త అనాథాశ్రమములకు అనుమతులు కూడా ఆపివేసింది. ఎందుకంటే 1996 నుండి 2006 వరకు జరిగిన అంతర్యుద్ధ కాలములో, చదివిస్తామని చెప్పి దళారులు హుమ్లా వంటి కొండ జిల్లాల నుండి పిల్లలను కాఠ్మండుకు తీసుకుపోయారు. తల్లిదండ్రులున్న పిల్లలను అనాథలని చూపించారు. పరదేశుల సందర్శనలు, కానుకలు ఉన్నచోట పిల్లల అవసరము పెరిగింది. భూకంపమునకు ముందే ఆ దేశములో 15,000 మందికి పైగా పిల్లలు సంస్థలలో ఉన్నారనీ, వారిలో 85 శాతం మందికి తల్లిగాని తండ్రిగాని బ్రదికే ఉన్నారనీ 2015లో యూనిసెఫ్ తెలియజేసింది. పాస్టరుగారు చివరికి ఒక్క మాట అడిగారు: “ఈ తల్లికి లేనిది బిడ్డను పెంచే ప్రేమా, లేక ఇంటిపై కప్పా?”

ఆ ప్రశ్న నన్ను నా చిన్నతనమునకు తీసుకుపోయింది. ఎందుకంటే నేను హాస్టలులో పెరిగినవాడను. 1987 ప్రాంతములో కోస్తాలోని ఒక మిషను హాస్టలులో ఉన్నాను. యేటా చలికాలములో పరదేశపు అతిథులు వచ్చేవారు. బుడగలు, బిళ్లలు, ఫోటోలు. రెండు వారాలు మమ్మల్ని ఒళ్లో కూర్చోబెట్టుకొని ముద్దు చేసేవారు. వారిలో కపటము లేదు, నేను సాక్షిని. వెళ్లేటప్పుడు ఒక దొరసానమ్మ నన్ను కౌగలించుకొని వెక్కివెక్కి ఏడ్చింది, మరల వస్తానంది. క్రిస్మసు దాటి, ఈస్టరు దాటి, పోస్టుమాన్ సైకిలు గంట వినబడినప్పుడల్లా గేటు దగ్గరకు వెళ్లేవాడను. రెండు మూడు సంవత్సరాలకు మాకు అలవాటైపోయింది. కారు రాగానే చిన్నపిల్లలు పరుగెత్తేవారు, పెద్దపిల్లలము వేపచెట్టు క్రింద నిలబడిపోయేవారము. చూచినవారు మాకు సిగ్గు అనుకునేవారు.

ఆ హాస్టలులో వంటచేసే అమ్మమ్మ ఒకామె ఉండేది. ఎవరినీ ముద్దు పెట్టుకున్న జ్ఞాపకము లేదు. జ్వరము వచ్చిన రాత్రి గంజి కాచి తెచ్చి, త్రాగేవరకు కదలక కూర్చునేది. ఈనాటికీ నాకు ఒంట్లో బాగాలేకపోతే ఆ ముసలి చెయ్యే జ్ఞాపకము వస్తుంది. జాన్ బౌల్బీ అనే ఆంగ్ల వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కొరకు 1951లో ఒక నివేదిక వ్రాశాడు. బిడ్డ మనస్సు ఆరోగ్యముగా ఎదగాలంటే తల్లితోగాని, తల్లివలె స్థిరముగా ఉండే వేరొకరితోగాని తెగని బంధము కావాలని దాని సారాంశము. పాస్టరు ట్రెయినింగులో అది చదివినప్పుడు నాకు క్రొత్తగా అనిపించలేదు. గంజి గిన్నెతో వచ్చిన అమ్మమ్మను నేను ఎరుగుదును.

కాబట్టి మిగిలిన రోజులలో మేము నలుగురము కలిసి కొన్ని తీర్మానములు చేసుకున్నాము. గోడమీద క్యాలెండరు పెట్టి మేము వెళ్లే తేదీకి గుర్తు పెట్టాము. ప్రతి సాయంత్రము పిల్లలే ఒక గడి కొట్టివేసేవారు. పాటలు దిదీకి నేర్పి, ఆమె పాడిస్తుంటే మేము వెనుక వరుసలోనికి జరిగాము. తెచ్చిన పలకలు, పుస్తకాలు మా చేతులతో ఇవ్వక ఆమె చేతనే ఇప్పించాము. “మరల వస్తాము” అనే మాట ఎవరమూ అనకూడదనుకున్నాము. హాస్టలు ఖర్చుకు అనుకున్న సొమ్ముతో ఆ తల్లి పాకకు మంచి రేకులు, గుంజలు కొన్నాము. తండ్రికి ఫోను చేయించాము. కుమారుడు ఆయనతో చాలాసేపు మాట్లాడాడు.

వెళ్లే ఉదయము ఆ బాలుడు నా చెయ్యి పట్టుకొనే వచ్చాడు. బడి వేళయింది. దిదీ హాజరు పుస్తకము తెరిచి అతని పేరు పిలిచింది. అతడు నా వైపు చూచి, చెయ్యి వదిలి, పందిరిలోనికి వెళ్లి కూర్చున్నాడు. ఏడవలేదు. జీపు మలుపు తిరిగిన తరువాత ఏడ్చినది నేనే.

ఆ ప్రయాణములో నాకు తోడైనది పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక. అపొస్తలుల కార్యములు లెక్కించినది అక్కడ మూడు విశ్రాంతిదినములే. తరువాత ఆయన రాత్రివేళ వెళ్లిపోవలసి వచ్చింది. ఆ ఎడబాటును చెప్పుటకు ఆయన వాడిన గ్రీకు మాటలో అనాథ అనే అర్థమున్నది. అనాథలైనది వారని ఆయన అనలేదు, మేమే అన్నాడు. ఎడబాటు బరువును వెళ్లేవాడే మోశాడు. మరి వారి కొరకు ఏమి చేశాడు? తిమోతిని పంపాడు, ఉత్తరము వ్రాశాడు, వారి మధ్యనే ఉండి ప్రయాసపడుచున్నవారిని ఘనపరచుమని చెప్పాడు. కొద్దికాలపు సేవకు ఇంతకంటె మంచి మాదిరి నాకు కనబడలేదు.

ఇంటికి వచ్చాక మరియొక లోయ ఉంది, దానినీ దాచను. రెండు నెలలు నాకు ఏదీ రుచించలేదు. పెండ్లి విందులో విస్తళ్లలో పారవేసిన అన్నము చూస్తే కోపము వచ్చేది. ఒక రాత్రి ఆరేళ్ల మా అమ్మాయి, “నాన్నా, నీకు ఆ పిల్లలంటేనే ఎక్కువ ఇష్టమా?” అని అడిగింది. దానిని ఒళ్లోనికి తీసుకున్నాను. నేను ఉండిపోవలసిన చోటు ఏదో దేవుడు ఆ పసి నోటితోనే చూపించాడు. పరదేశములో పిల్లల సేవకు వెళ్లే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, వచ్చిన వెంటనే సంఘములో సాక్ష్యము చెప్పుటకు తొందరపడకండి. ముందు ఒక పెద్దమనిషి దగ్గర కూర్చొని ఏడ్వవలసినది ఏడ్వండి. అది బలహీనత కాదు. ఆ కన్నీళ్లు అక్కడి పిల్లల ముందు కార్చితే వాటిని తుడిచే పని ఆ పసివారిపై పడుతుంది.

వెళ్లవద్దని నేను అనను. వెళ్లండి. అయితే వెళ్లకముందే అడగండి: ఆ పిల్లలతో ఎల్లప్పుడు ఉండేది ఎవరు? మేము వచ్చుట వలన వారి చేతులు బలపడతాయా? దానికి జవాబు లేనిచోటికి వెళ్లుటకంటె, ఆ ఛార్జీ డబ్బు జవాబున్న చోటికి పంపుట మేలు.

దిదీ ఇప్పటికీ క్రిస్మసుకు ఫోను చేస్తుంది. బడి ఇప్పుడు గట్టి గోడలతో నిలబడింది. ఆ బాలుడు పదవ తరగతి చివర వ్రాసే ఎస్.ఇ.ఇ. పరీక్ష వ్రాశాడని పోయిన సంవత్సరము చెప్పింది. తల్లి నడుస్తోంది, తండ్రి తిరిగి వచ్చాడు. “అతనికి మేము జ్ఞాపకమున్నామా?” అని అడిగాను. దిదీ కొంచెము మొహమాటపడి, “ఆ పాట జ్ఞాపకముంది గాని, అది ఎవరు నేర్పారంటే నా పేరే చెప్తాడు” అన్నది.

ఫోను పెట్టేసి ప్రభువును స్తుతించాను. ఆయన కృప మీకందరికి తోడైయుండును గాక. ఆమేన్.