ఆలస్యంగా కొట్టిన ‘వై’

తాతయ్య సైకిల్ తుడుచుకుంటున్న వీడియో ఒకటి నా ల్యాప్‌టాప్‌లో ఉండేది. పాత ఫోన్‌లో తీసింది, మసకమసకగా ఉంటుంది. దాన్ని డిలీట్ చేసింది నేనే. అంటే, నేను రాసిన ప్రోగ్రాం.

ఓ ఆదివారం ఫొటోలు సర్దడానికి పైథాన్‌లో చిన్న ఏజెంట్ రాసుకున్నా. డౌటొస్తే నన్ను అడుగుతుంది. 60 సెకన్లలో జవాబు రాకపోతే ఆ ప్రశ్న క్యాన్సిల్ చేసి, మిగతా పని చూసుకుంటుంది.

ఇన్‌పుట్ కోసం మొదట ప్రతి ప్రశ్నకీ ఒక థ్రెడ్ పెట్టా. తిప్పలు అక్కడే మొదలయ్యాయి. అసింక్‌ఐఓలో క్యాన్సిల్ అంటే పీక పట్టుకుని ఆపడం కాదు. టాస్క్ ఏ అవెయిట్ దగ్గర ఆగి ఉందో అక్కడ క్యాన్సిల్డ్ ఎర్రర్ విసురుతుంది, అంతే. థ్రెడ్‌కి ఆ కబురే అందదు. కీబోర్డు కోసం ఎదురుచూస్తూ అలాగే కూర్చుని, తర్వాతి ప్రశ్నకి మనం ఇచ్చే జవాబు మింగేస్తుంది. సరే అని తెలివిగా మార్చా (అనుకున్నా). ఒకే థ్రెడ్ చదివి క్యూలో వేస్తుంది, ఏ ప్రశ్నయినా క్యూలోంచి తీసుకుంటుంది.

‘ఒకే ఫొటో రెండేసి సార్లు ఉంది, పేర్లు మార్చనా?’ అని అడిగింది. అప్పుడే అమ్మ ఫోన్. మాట్లాడి వచ్చేసరికి ప్రశ్న స్క్రీన్ మీద అలాగే ఉంది. ‘వై’ కొట్టి ఎంటర్ నొక్కా. అది ఎప్పుడో క్యాన్సిల్ అయిపోయిందని నాకేం తెలుసు? తెలిసేలా ఒక లైను ప్రింట్ చేయించాల్సిందీ నేనే లెండి. నా ‘వై’ వెళ్లి క్యూలో కూర్చుంది. కాసేపటికి ‘మసగ్గా ఉన్న 14 వీడియోలు తీసేయనా?’ అని వచ్చింది. జవాబు రెడీగా ఉందిగా! నేను చదివేలోపే అయిపోయింది.

పెళ్లి భోజనాల్లో నెయ్యి అబ్బాయి ‘వేయమంటారా’ అని అడిగి ముందుకెళ్లిపోతాడు. మనం తీరిగ్గా ‘వెయ్యి’ అంటాం. వెనకే వచ్చిన సాంబారు అబ్బాయి గరిటెడు పోసేస్తాడు. సరిగ్గా అదే.

ఓఎస్ రిమూవ్‌తో తీసేసిన ఫైల్ రీసైకిల్ బిన్‌కి కూడా వెళ్లదు. రాత్రి రెండు దాకా వెతికా. దొరకలేదు.

ఇప్పుడు కొత్త ప్రశ్న వేసే ముందు క్యూ ఖాళీ చేస్తుంది. టైం అయిపోతే ఆ మాట స్క్రీన్ మీద చెబుతుంది. తీసేయాలంటే ‘వై’ చాలదు, ఎన్ని ఫైళ్లో ఆ అంకె టైప్ చేయాలి. తీసినవి కూడా నెలరోజులు ఒక పక్క ఫోల్డర్‌లో ఉంటాయి.

పిన్ని ఫోన్‌లో అదే వీడియో వాట్సాప్‌లో వచ్చిన కాపీ ఉంది, ఇంకా చిన్నది. అమ్మ అడిగినప్పుడు అదే పంపా.

“నాన్న మొహం ఇంతకుముందు ఇంకాస్త కనిపించేది కదరా?” అంది.

“నెట్ స్లోగా ఉందమ్మా” అన్నా.