ఆకాశమునుండి చూచిన రీయూనియన్ దీవి

భూమికి సుమారు 400 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునుండి వ్యోమగాములు తీసిన రీయూనియన్ దీవి ఛాయాపటములను మేము మిక్కిలి వేడుకతో చూచితిమి. ఈ దీవి హిందూ మహాసముద్రమున మడగాస్కరునకు తూర్పుగా, మారిషస్‌నకు నైరుతి దిక్కుగా నున్నది. ఏలుబడి ఫ్రాన్సుది. చుట్టును నీలిజలము, తీరము వెంబడి చెరకుతోటల లేతపచ్చ, నడుమనంతయు ముదురుపచ్చని ముడుతలు. తడిపిన పిండిముద్దను మూడు వ్రేళ్లతో నొక్కి తీసినట్లు మూడు పెద్ద గుంటలు కానవచ్చును.

ఆ గుంటల పేరులు సిలావోస్, సలాజీ, మఫాట్. వాని నడుమ 3,070 మీటర్ల యెత్తున నిలిచిన పితోన్ దె నేజ్ శిఖరము చల్లారిన యగ్నిపర్వతము. అది కూలగా, వానలు కోయగా ఈ లోయ లేర్పడినవి. వాన యనిన సామాన్యమైన వాన గాదు. 1966 జనవరి 7, 8 తేదీలలో, ఒక్క తుపానునందు, ఫోక్ ఫోక్ అనుచోట 24 గంటలలో 1,825 మిల్లీమీటర్లు కురిసెను. మన తెలుగునాట ఇంచుమించు రెండేండ్ల వాన!

ఆగ్నేయముననున్న రెండవ కొండ, పితోన్ దె లా ఫూర్నేజ్, ఇంకను మండుచునే యున్నది. దాని లావా యేరులు సముద్రముదాక నల్లని చారలై పటములో కనబడును. 2007 ఏప్రిల్‌లో ఆ లావా కడలిలో పడి గడ్డకట్టగా దీవి కొంత పెరిగినది.

ఇంతవరకు పటము చెప్పగలదు. చెప్పలేనిది వేరొకటి కలదు. మడగాస్కరు, ఆఫ్రికాలనుండి బానిసలుగా తేబడినవారిలో కొందరు తోటలు విడిచి ఈ లోయలకు పారిపోయిరి. వారిని పట్టుటకు ఆయుధధారులైన వేటగాండ్రు కొండలెక్కిరి. మఫాట్ అను పేరు అట్లు దాగిన యొక నాయకునిదని చెప్పుదురు. స్త్రీలును, బిడ్డలును వారిలో నుండిరి. పొగ లేచినచో పట్టుబడుదుమను భయముతో ఆ తల్లులు పొయ్యి యెట్లు రాజేసిరో, ఏడ్చు పసివాని నెట్లు ఊరడించిరో! 1848 డిసెంబరు 20వ తేదీన గాని ఆ దీవిలో బానిసత్వము తొలగలేదు.

తీరపు లేతపచ్చయు మనకు పరాయిది కాదు. 1828లోనే యానాం నుండి తెలుగు కూలీలను ఒడంబడికపై అచ్చటికి గొనిపోయిరి. బానిసల ప్రక్కనే వారును పాటుపడిరి.

నేడు సిలావోస్‌నకు నాలుగువందలకు పైగా మలుపుల బాట కలదు. అచ్చటి పప్పుధాన్యము పేరుపొందినది. దారములు లాగి బట్టపై పూలు పుట్టించు అచ్చటి స్త్రీల కుట్టుపని అంతకంటెను ప్రసిద్ధము. 1900 ప్రాంతమున ఒక వైద్యుని కుమార్తె, ఆంజెల్ మకాలిఫ్, ఊరి బాలికలకు దీనిని నేర్పెను. కుట్టుపని తెలిసిన మన సోదరీమణులు దానిని చూచిన విడువరు.

మఫాట్‌నకు మాత్రము నేటికిని బండిబాట లేదు. కొన్నివందల మంది అచ్చట కాపురముండిరి. నడచియైన పోవలయును, లేదా హెలికాప్టరు రావలయును; వంటగ్యాసు సైతము ఆకాశమార్గముననే దిగును. ప్రాథమిక పాఠశాల దాటిన పిల్లలు చదువునకై ఇల్లు విడిచి కొండదిగి పోవలసినదే. ఆ వయస్సున బిడ్డను పంపుట యే తల్లికైనను కష్టమేగదా!

రాత్రివేళ తీసిన పటములలో తీరమంతయు దీపతోరణమై వెలుగుచుండ, మఫాట్ చోట చీకటియే కలదు. అచ్చటి యిండ్లలో సూర్యరశ్మితో కూర్చుకొన్న విద్యుత్తుతో చిన్న దీపములు వెలుగును గాని, ఆ వెలుగు అంత యెత్తునకు అందదు.