ఈ వయసులో పరుగేమిటంటారా?

"పెళ్ళీడుకొచ్చిన పిల్ల తల్లివి, నడిరోడ్డు మీద పరుగులేమిటమ్మా?" అన్నారు మా అత్తగారు. ఈ శీర్షిక చూడగానే మీరూ అదే అనుకుని ఉంటారు. బస్సు కోసం తప్ప పరుగెత్తి ఎరగని మనిషిని నేను. వయసు 48. బరువు మాత్రం అడక్కండి. అలాంటి నేను 2024 అక్టోబరులో ఓ ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద వేలమందితో కలిసి 5 కిలోమీటర్లు పరుగెత్తాను. ఎందుకో, ఎలాగో చెబుతాను. చదివాక నవ్వొస్తే నవ్వుకోండి.

ఆ పరుగు రొమ్ము క్యాన్సర్ రోగుల సహాయం కోసం పెట్టింది. కట్టిన ప్రవేశ రుసుము ఆ నిధికే పోతుంది. మా అమ్మాయి నాతో చెప్పకుండానే నా పేరు కూడా రాయించేసింది. ఇంకోదానికైతే కేకలేసేదాన్నే. దీనికి కాదనలేకపోయాను.

మా తోడికోడలు, నేను అక్కయ్యా అని పిలిచే మనిషి, 2019లో ఆ జబ్బుతోనే పోయింది. గడ్డ చేతికి తగిలిన ఏడాదికిగానీ ఆవిడ నోరు విప్పలేదు. "నొప్పి లేదు కదా అని ఊరుకున్నానే. పిల్ల పెళ్ళయ్యాక చూపించుకుందామనుకున్నా. మగ డాక్టరుంటే ఎలా అని సిగ్గొకటి" అంది ఆస్పత్రి మంచమ్మీద. కూతురి పెళ్ళి ఘనంగానే చేసింది. మనవణ్ణి మాత్రం ఎత్తుకోలేకపోయింది. ఇవాళ మనదేశంలో ఆడవాళ్ళకొచ్చే క్యాన్సర్లలో ఎక్కువ కనిపించేది ఇదే. తొందరగా కనిపెడితే నయమయ్యే అవకాశాలు బాగా ఎక్కువ. చిక్కల్లా మన సిగ్గుతోనే.

ఇలాంటి పరుగులు కొత్తవేమీ కావు. 1983లో అమెరికాలోని డల్లాస్‌లో ఈ జబ్బు కోసమే 800 మందితో ఒక పరుగు జరిగింది. 1994లో లండన్ బాటర్సీ పార్కులో క్యాన్సర్ పరిశోధన కోసం 680 మంది ఆడవాళ్ళు 5 కిలోమీటర్లు పరుగెత్తారు. ఇంకో సంగతి విన్నారా? ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి 5,000 మీటర్ల పరుగు పెట్టింది 1996లోనే! పరుగెత్తగలమన్న నమ్మకమే ముందు కావాలి.

సరే, మనకి నమ్మకం ఎలా కలగాలి? నాకు 8 వారాలు పట్టింది. ముందుగా డాక్టరుకి చూపించుకుని, బీపీ, సుగర్ పరీక్షలు చేయించుకున్నాను. మీరూ అది మానకండి. తర్వాత వారానికి మూడు రోజులు, పాల ప్యాకెట్ వచ్చే వేళకి దగ్గర్లోని పార్కుకి వెళ్ళేదాన్ని. మొదటి వారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఎనిమిదిసార్లు. వారం వారం పరుగు కాస్త పెంచుతూ, నడక కాస్త తగ్గిస్తూ వచ్చాను. ఎంత వేగంగా అంటారా? పక్కమనిషితో రెండు ముక్కలు మాట్లాడగలిగేంత. మాట రాకుండా రొప్పుతున్నామంటే వేగం తగ్గించాల్సిందే. ఖర్చు పెట్టింది మాత్రం బూట్ల మీదా, బిగుతుగా పట్టి ఉంచే లోదుస్తుల మీదా. ఈ రెండింటి దగ్గరా పీనాసితనం వద్దు. ఆ బూట్లు కూడా పరుగు నాడే కొత్తగా తొడగొద్దు. పొక్కులు ఖాయం.

ఆ రోజు తెల్లవారుజామున ఒక అరటిపండు, అరగ్లాసు మంచినీళ్ళు, అంతే. గొలుసూ గాజులూ ఇంట్లోనే పెట్టాను. నంబరు కాగితాన్ని నాలుగు మూలలా నాలుగు పిన్నీసులతో చుడీదార్ టాప్‌కి గుచ్చుకున్నాను. ఆ కాగితం వెనకాల ఓ చిన్న చిప్ ఉంటుంది. మనం మొదట్లో పరిచిన పట్టా దాటినప్పుడే మన లెక్క మొదలవుతుంది. కాబట్టి ముందు నిలబడాలని తోసుకోనక్కర్లేదు. నిదానంగా వెళ్ళేవాళ్ళు వెనక నిలబడితే ఇద్దరికీ సుఖం.

జనం సంగతేం చెప్పను! తిరునాళ్ళే. ఆ పట్టా చేరడానికే నాకు నాలుగు నిమిషాలు పట్టింది. చుట్టూ ఎటు చూసినా భుజాలూ, జడలూ. నా ముందు చీర దోపుకుని ఓ పెద్దావిడ, పక్కన తలకి రుమాలు చుట్టుకున్న ఓ చిన్నపిల్ల. ఆ రుమాలు ఎందుకో అడగలేదు. ఆమే చెప్పింది, "కీమో అయిపోయి మూడు నెలలైందాంటీ" అని. గుంపులో హఠాత్తుగా ఆగకూడదని మా అమ్మాయి ముందే నేర్పింది. నడవాలంటే చెయ్యెత్తి పక్కకి తప్పుకోవాలి. మూడో కిలోమీటరు దగ్గర అలాగే తప్పుకుని, హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుణ్ణి చూస్తూ రెండు నిమిషాలు నడిచాను. అక్కడ గుర్తొచ్చింది అక్కయ్య. మళ్ళీ పరుగందుకున్నాను. మొత్తం 44 నిమిషాలు. నా వెనక కూడా చాలామందే ఉన్నారు లెండి!

అసలు లాభం తర్వాత తెలిసింది. నా మెళ్ళో పతకం ఫొటో చూసి మా అపార్టుమెంటులో అందరూ ఏమిటీ, ఎందుకూ అని అడిగారు. ఆ జబ్బు పేరు పైకి చెప్పక తప్పలేదు. మూడో రోజు పైఅంతస్తు ఆవిడ తోడు పెరుగు కోసం వచ్చి, గిన్నె చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడింది. చివరికి గొంతు తగ్గించి, "నాకూ ఓ గడ్డలాంటిది తగులుతోందండీ" అంది. మర్నాడే ఇద్దరం కలిసి లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పరీక్షలన్నీ అయ్యాక భయపడాల్సిందేమీ లేదన్నారు. ఆటోలో వస్తూ ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

మీరు పరుగెత్తకపోయినా ఫర్వాలేదు. మీ శరీరాన్ని మీరు గమనించుకోండి. గడ్డ తగిలినా, చర్మం సొట్ట పడినా, చనుమొన నుంచి రక్తంలాంటిది కనిపించినా, నొప్పి లేదని ఊరుకోకండి. ఇంట్లో చెప్పండి, డాక్టరుకి చూపించండి. పిల్ల పెళ్ళిదాకా, పండగదాకా వాయిదా వెయ్యకండి.

అన్నట్టు, మా అత్తగారు ఈమధ్య నా బూట్లు ఎండలో పెట్టి దులుపుతున్నారు. వచ్చే అక్టోబరుకి నడకలో తానూ వస్తానంటున్నారు. మరి మీరో?